పిల్లలకి ట్యాబ్ కొనే ముందు వాళ్ల సైన్స్ పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లండి

మే నెలలో మా చెల్లి ఫోన్ చేసింది, "అన్నయ్యా, వీడు ఆరోతరగతికి వచ్చాడు, ట్యాబ్ కావాలని ఒకటే గోల, పదివేలలో మంచిదేదన్నా ఉంటే చెప్పు" అని. నేను ఏ కంపెనీ పేరూ చెప్పలా. "రోజూ సాయంత్రం స్కూల్ నుంచి వచ్చాక వాడు దాంట్లో ఏం తెరుస్తాడమ్మా?" అని అడిగా. కాసేపు ఆలోచించి "చదువుకుంటా అంటున్నాడు మరి" అంది. ఈ ప్రశ్నకి సరైన జవాబు మన దగ్గర లేకపోతే షాపువాడు ఏది చేతికిస్తే అది కొనుక్కొని వచ్చేస్తాం, రెండేళ్ల క్రితం మా పాపకి నేను అలాగే కొన్నా, ఆరున్నర వేలు పోయాయి, డబ్బు సంగతి తర్వాత, పాప మనసు కష్టపడింది, అది చెప్తా ముందు ముందు. అప్పట్నుంచి మా ఇంట్లో, చుట్టాల ఇళ్లల్లో నాలుగైదు ట్యాబ్‌లు దగ్గరుండి కొనిపించా, ఆ అనుభవంతో వరసగా ఏం చెయ్యాలో రాస్తున్నా.

మొదటి పని: వారం రోజులు చూడండి, స్కూల్లో అడగండి

ఒక వారం పాటు మీ ఫోన్ తీసుకుని పిల్లలు చదువు కోసం ఏం చేస్తున్నారో గమనించండి. క్లాస్ వాట్సాప్ గ్రూపులో వచ్చే హోంవర్క్ ఫొటోలా, పీడీఎఫ్‌లా, యూట్యూబ్‌లో లెక్కల వీడియోలా, స్కూల్ వాళ్ల సొంత యాప్ ఉందా, ఆన్‌లైన్ ట్యూషన్ ఉందా. ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత స్కూల్‌కి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: స్కూల్ వాళ్లే ఏదన్నా ట్యాబ్ ఇస్తున్నారా, వాళ్ల యాప్ ఆండ్రాయిడ్‌లోనే పనిచేస్తదా ఐప్యాడ్‌లో కూడానా, ఆండ్రాయిడ్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తది. కొన్ని ప్రైవేట్ స్కూళ్లు ఫీజుతో కలిపి సొంతంగా లాక్ చేసిన ట్యాబ్‌లు ఇస్తాయి, అది తెలియక ముందే కొనుక్కుని ఇంట్లో రెండు పెట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఆంధ్రావాళ్లు ఇంకోటి కూడా చూస్కోండి. 2022 డిసెంబరులో గవర్నమెంట్ స్కూళ్లల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చారు కదా, ఇంట్లో పెద్దపిల్లలకి అప్పుడొచ్చింది బీరువాలో పడుంటే బయటికి తీసి ఛార్జింగ్ పెట్టి చూడండి, వీడియోలు చూడ్డానికి చిన్నవాళ్లకి అది ఇంకా పనికిరావచ్చు.

తరగతి గురించి నా ఉద్దేశం నేరుగా చెప్తా. అయిదో తరగతి లోపు పిల్లలకి సొంత ట్యాబ్ అక్కర్లేదు, రోజుకి అరగంట మీ ఫోన్ చాలు. ఆరు నుంచి ఎనిమిది వాళ్లకి అవసరం ఉంటే మధ్యస్తంగా ఉండేది చాలు. తొమ్మిది పది వాళ్లకి మాత్రం రోజూ గంటల తరబడి పీడీఎఫ్‌లు, టెస్ట్ పేపర్లు, వీడియోలు ఉంటాయి, అక్కడ స్క్రీన్ మీద పీనాసితనం చెయ్యొద్దు.

రెండో పని: పుస్తకం దించుకోండి

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఫ్రీగా దొరుకుతాయి, తెలంగాణ సిలబస్ అయితే ఎస్‌సీఈఆర్‌టీ సైట్లో, ఆంధ్రా సిలబస్ అయితే అక్కడి పాఠశాల విద్యాశాఖ సైట్లో, సీబీఎస్ఈ అయితే ఎన్‌సీఈఆర్‌టీ సైట్లో. మీ పిల్లల తరగతి సైన్స్ పుస్తకం ఫోన్లోకి దించుకోండి. సైన్స్ ఎందుకంటే అందులో బొమ్మలుంటాయి, బొమ్మల పక్కన బాణం గుర్తులతో చిన్న చిన్న అక్షరాలుంటాయి. అచ్చు పుస్తకం కూడా సంచిలో వేసుకోండి, ఎందుకో చెప్తా.

షాపులో డెమో పెట్టిన ట్యాబ్‌లో ఆ పీడీఎఫ్ తెరవండి. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి సైట్ నుంచైనా తెరవచ్చు, క్విక్ షేర్‌లో పంపుకోవచ్చు. షాపువాళ్లు ముందు కొంచెం నసుగుతారు, "సార్ వీడియో చూడండి కలర్స్ ఎలా ఉన్నాయో" అంటారు, ఆ వీడియో ఏ ట్యాబ్‌లో పెట్టినా అందంగానే కనపడేలా తీసింది, దాన్ని చూసి మోసపోవద్దు. మీరు నవ్వుతూనే "ఒక్క పేజీ చూసుకుంటాం బాబూ" అనండి. ట్యాబ్ నిలువుగా పట్టుకుని, వేళ్లతో జూమ్ చెయ్యకుండా, పేజీ మొత్తం కనపడేలా పెట్టి పిల్లల చేతికిచ్చి చదవమనండి. మీరు కాదు, వాళ్లే చదవాలి.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ చాలా క్లాసుల పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటున్నాయి కదా. ఇంగ్లీషు అక్షరాలు ఎంత చిన్నవైనా ఎలాగోలా చదివేస్తాం, మన తెలుగుకి ఒత్తులున్నాయి. "శాస్త్రం", "సూక్ష్మజీవులు", "కిరణజన్య సంయోగక్రియ" లాంటి మాటల్లో కింద ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయా, మచ్చలాగా కలిసిపోయాయా చూడండి. స్క్రీన్ నాణ్యత అక్కడ బయటపడిపోతది, ఇంక ఏ అంకెలూ చదవక్కర్లేదు.

అయినా అంకెలు కావాలనేవాళ్లకి చెప్తున్నా. 10.1 అంగుళాల ట్యాబ్ 1280 బై 800 అని రాసుంటే అంగుళానికి దాదాపు 150 చుక్కలే, తెలుగు చదవడానికి అది తక్కువ. 11 అంగుళాలు 1920 బై 1200 అయితే అంగుళానికి 200 పైనే, హాయిగా ఉంటది. 8.7 అంగుళాలు 1340 బై 800 అయితే 180 దాకా వస్తది, అక్షరం స్పష్టంగానే ఉంటది గానీ పేజీ చిన్నదైపోతది. ఎంత చిన్నదంటే ఏ4 కాగితం మీద వేసిన ప్రశ్నపత్రం 8.7 అంగుళాల ట్యాబ్‌లో నిలువుగా పెడితే అసలు సైజులో సగం కంటే కొంచెం ఎక్కువ వెడల్పు కనపడతది, 11 అంగుళాల దాంట్లో డెబ్భై శాతం. ఐప్యాడ్ స్క్రీన్ పుస్తకంలా కొంచెం వెడల్పుగా ఉంటది కాబట్టి 10.9 అంగుళాలకే డెబ్భై అయిదు శాతం వస్తది. అదే సినిమా చూస్తే ఆండ్రాయిడ్ ట్యాబ్ వెడల్పే బాగుంటది, కానీ మనం కొనేది పుస్తకం కోసం. చదువుకి 10 నుంచి 11 అంగుళాలు నా సలహా, చేతిలో పట్టుకుని తిరిగే చిన్నపిల్లలకైతే 8.7.

ఇప్పుడు సంచిలో పుస్తకం తియ్యండి. పాఠాల పక్కన క్యూఆర్ కోడ్‌లుంటాయి చూడండి, కేంద్ర ప్రభుత్వం వాళ్ల పాఠాల యాప్ దీక్షతో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వచ్చేలా పెట్టినవి. ఆ కోడ్ మీద ట్యాబ్ వెనక కెమెరా పెట్టి చూడండి. తక్కువ రేటు ట్యాబ్‌లలో చాలావాటికి ఆటోఫోకస్ ఉండదు, దగ్గర పెడితే మసక, దూరం పెడితే కోడ్ అందదు. కోడ్ కింద ఉండే అక్షరాలు టైప్ చేసి కూడా పాఠం తెరవచ్చు అనుకోండి, కానీ హోంవర్క్ ఫొటో తీసి టీచర్‌కి పంపాలన్నా ఇదే కెమెరా కదా. ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడక్కండి, నోట్‌బుక్ పేజీ ఒకటి ఫొటో తీసి అక్షరాలు తేటగా వచ్చాయో లేదో చూడండి, అంతే.

మూడో పని: లోపల సరుకు

ర్యామ్ అంటే ట్యాబ్ ఆగిపోకుండా పనులు నడపడానికి వాడుకునే మెమరీ, అది 4 జీబీ కంటే తక్కువ ఉన్నది ఫ్రీగా ఇచ్చినా వద్దు. 6 ఉంటే బాగుంటది, మూడు నాలుగేళ్లు వాడాలంటే 8 ఉన్నా మంచిదే. ఇక్కడ ఒక మాయ ఉంది, డబ్బా మీద "4 ప్లస్ 4, మొత్తం 8 జీబీ" అని పెద్ద అక్షరాలతో వేస్తారు, ఆ రెండో 4 నిజం ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత ముక్క తీసి ర్యామ్ లాగా వాడటం, అది నిజం ర్యామ్ అంత వేగంగా పనిచెయ్యదు. ముందున్న అంకె ఒక్కటే లెక్కేసుకోండి.

స్టోరేజీ 64 జీబీ అంటే చేతికొచ్చేసరికి సిస్టమ్ పోను నలభై పై చిల్లర మిగులుతది, దాంట్లో డౌన్‌లోడ్ చేసిన పాఠాల వీడియోలు ఏడాది తిరక్కముందే నిండిపోతాయి. మెమరీ కార్డు పెట్టే జాగా ఉంటే 64 చాలు, లేకపోతే 128 తీసుకోండి. ఐప్యాడ్‌కి కార్డు జాగా ఉండదు.

ఇక ఆండ్రాయిడ్ వెర్షన్. నా పొరపాటు ఇక్కడే జరిగింది కాబట్టి కొంచెం ఆగి చెప్తా. పండగ ఆఫర్లో ఆన్‌లైన్లో కనపడింది, పది అంగుళాలు, ఆరు జీబీ, ఆరున్నర వేలు, పైగా కవరు ఫ్రీ. ఎప్పుడూ వినని కంపెనీ. మా పాప అప్పుడు ఆరోతరగతి, డబ్బా తెరిచినరోజు దాని ముఖం చూడాలి మీరు. వారం తర్వాత స్కూల్ వాళ్లు కొత్త యాప్ వేసుకోమంటే "ఈ డివైస్‌కి పనిచెయ్యదు" అని వచ్చింది. పాత ఆండ్రాయిడ్‌కి కొత్త పేరు తగిలించి అమ్మారని తర్వాత తెలిసింది. బాధేంటంటే పాప మాకు రెండు వారాలు చెప్పలా, నాన్న ఇష్టపడి కొన్నాడని, వాళ్లమ్మ ఫోన్లో మళ్లీ చిన్న స్క్రీన్ మీద చూసుకుంటా కూర్చుంది. మేం గమనించేసరికి వాపసు ఇచ్చే గడువు అయిపోయింది.

అందుకే ఈ రెండు పరీక్షలు తప్పకుండా చెయ్యండి. ఒకటి, ప్లే స్టోర్ తెరిచి పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ దగ్గర ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ అని ఉంటది, అంటే ఆ ట్యాబ్‌ని గూగుల్ వాళ్లు ఒప్పుకున్నారా లేదా అని, అక్కడ "సర్టిఫైడ్" అని ఉండాలి, లేకపోతే అక్కడే పెట్టేసి రండి. రెండు, మన దేశంలో అమ్మే ట్యాబ్‌లకి బీఐఎస్, అంటే వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని రిజిస్ట్రేషన్ తప్పనిసరి, డబ్బా మీదో ట్యాబ్ వెనకో 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటది, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు అనేది వస్తది. రెండు నిమిషాల పని. వీటితోపాటు "ఈ మోడల్ ఏ సంవత్సరం వచ్చింది, ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్‌లు వస్తాయి" అని అడగండి, షాపులో కుర్రాడికి తెలియకపోతే ఆ కంపెనీ సైట్లో చూడండి. రెండు మూడేళ్ల క్రితం మోడల్ సగం రేటుకి వస్తోందంటే దాని అప్‌డేట్‌లు అయిపోవచ్చాయని అర్థం.

మన దగ్గర చవక ట్యాబ్ ముచ్చట కొత్తదేం కాదు. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ఆకాశ్ అని ట్యాబ్ విడుదల చేసింది, అవి మన హైదరాబాద్‌లోనే తయారయ్యాయి, అప్పుడు ఎంత గర్వపడ్డామో. ఏడు అంగుళాల స్క్రీన్, 256 ఎంబీ ర్యామ్, వేలు ఆనిస్తే చాలదు, గట్టిగా నొక్కాలి. పేద పిల్లలకి చేరాలన్న ఆలోచన గొప్పది, కానీ చదువుకునే పిల్లల ఓపిక ఆ స్క్రీన్ దగ్గర ఆగిపోయింది. రేటు ఎంత తగ్గించినా స్క్రీనూ వేగమూ ఒక హద్దు కిందకి దిగితే పిల్లలు దాన్ని పక్కనపెడతారు, ఈ మాట ఇప్పటికీ నిజం.

సిమ్ ఉన్నదా, వైఫై ఒక్కటేనా

ఇంట్లో వైఫై ఉంటే వైఫై మోడల్ చాలు. లేకపోయినా మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిచిపోతది, పైగా మీరు హాట్‌స్పాట్ ఆపితే నెట్ ఆగిపోతది, అది కూడా ఒక మేలే. సిమ్ మోడల్ సాధారణంగా రెండు మూడు వేలు ఎక్కువుంటది, తర్వాత రీఛార్జ్ ఖర్చు నెలనెలా. అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగాలకి పోయి రాత్రికి వచ్చే ఇళ్లల్లో, ఊళ్లో అమ్మమ్మ తాతయ్య దగ్గరుండి చదివే పిల్లలకి మాత్రం సిమ్ ఉన్నదే కొనండి. డేటా గురించి ఒక ఉజ్జాయింపు, వీడియో క్వాలిటీ 480లో పెట్టుకుంటే గంటకి దాదాపు అరజీబీ, 720 పెడితే దానికి రెట్టింపు పైనే. పాఠానికి 480 సరిపోతది, బోర్డు మీద రాసింది కనపడితే చాలు.

పెన్ను, కీబోర్డు, కవరు

పెన్ను గురించి పిల్లలు బాగా అడుగుతారు. ఏ స్క్రీన్ మీదైనా రాసే రబ్బరు మొన పెన్ను వంద రూపాయలకి దొరుకుతది, దాంతో లెక్కలు చెయ్యలేరు, చెయ్యి ఆనితే గీతలు పడతాయి. చెయ్యి ఆనించి రాయాలంటే ఆ ట్యాబ్‌కి సరిపోయే అసలు పెన్ను కావాలి, శాంసంగ్‌లో ఎస్6 లైట్ లాంటివాటికి డబ్బాలోనే ఇస్తారు, ఐప్యాడ్‌కి విడిగా కొనాలి, అది కూడా ఏ మోడల్‌కి ఏ పెన్సిలో చూసుకునే కొనాలి. నన్నడిగితే పదో తరగతి దాకా లెక్కలు కాగితం మీదే చెయ్యనివ్వండి, రేపు పరీక్ష రాసేది కాగితం మీదే కదా, చెయ్యి ఆ వేగానికి అలవాటు పడాలి. కీబోర్డు ఇప్పుడే వద్దు.

కవరు, పైన గ్లాసు మాత్రం కొన్న రోజే వేయించండి, వీటికి వెయ్యి పదిహేను వందలు ముందే బడ్జెట్‌లో పక్కన పెట్టుకోండి. వెనక మడిచి నిలబెట్టే కవరు తీసుకుంటే మెడ వంచకుండా చూసుకుంటారు. 11 అంగుళాల ట్యాబ్ అరకిలో దగ్గర ఉంటది, కవరుతో కలిపితే ఇంకా బరువు, పడుకుని ముఖం మీద పెట్టుకుని చదివే అలవాటున్న పిల్లలుంటే ఆలోచించండి. ఇయర్‌ఫోన్ పెట్టే గుండ్రటి రంధ్రం ఉందో లేదో చూడండి, కొత్త ఐప్యాడ్‌లకి లేదు, చాలా ఆండ్రాయిడ్‌లకీ తీసేస్తున్నారు, మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ పిల్లలకి చవక, పోయినా బాధ ఉండదు.

డబ్బు సంగతి

రేట్లు నెలనెలా మారుతుంటాయి కాబట్టి ఉజ్జాయింపుగా చెప్తున్నా. ఎనిమిది వేల లోపు కొత్త ట్యాబ్ చదువు కోసం కొనొద్దు. పది నుంచి పదమూడు వేల మధ్య పేరున్న కంపెనీలవి 8.7 అంగుళాలవి వస్తాయి. పదిహేను నుంచి ఇరవై రెండు వేల మధ్య 11 అంగుళాలవి, శాంసంగ్, లెనోవో, షావోమి, వన్‌ప్లస్ లాంటివి, తొమ్మిది పది తరగతులకి ఇక్కడ వెతకండి. ఐప్యాడ్ 11 అంగుళాలది 128 జీబీతో 2025 మార్చిలో వచ్చినప్పుడు 34,900, అయిదారేళ్లు నడుస్తది, ఇంటర్ దాకా పనికొస్తది అనుకుంటే దాని లెక్క దానికుంది, కానీ అప్పు చేసి కొనాల్సిన పని లేదు. మా చెల్లికి నేను చెప్పింది అదే, పదివేలు అనుకున్నదానికి ఇంకో రెండున్నర వేలు కలిపి ఆగస్టులో కొను, జూన్‌లో కొనకపోతే కొంపేం మునగదు అని.

ఎప్పుడు కొనాలంటే, బడులు మామూలుగా జూన్ రెండో వారంలో తెరుస్తారు, పెద్ద ఆఫర్లు దసరా ముందర వస్తాయి. ఆరేడు తరగతులవాళ్లు దసరా దాకా ఆగొచ్చు. పదో తరగతి వాళ్లకి మాత్రం రెండు వేలు మిగులుతాయని నాలుగు నెలలు ఆపొద్దు.

నో కాస్ట్ ఈఎంఐ అంటారు, వడ్డీ లేదనే అనుకుంటాం. నిజానికి వడ్డీ ఎంతో అంత ముందే డిస్కౌంట్ లాగా తగ్గిస్తారు, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన కార్డు బిల్లులో పడతది, ప్రాసెసింగ్ ఫీజు ఇంకోటి. ఎక్కువేం కాదు, మూడు నాలుగు వందలు అవుతదేమో, కానీ ఒకేసారి కట్టేవాళ్లకి విడిగా ఇచ్చే డిస్కౌంట్ పోతుందేమో కూడా అడిగి రెండూ పోల్చుకోండి.

నాలుగో పని: ఎక్కడ కొనాలి

ముందు మీ ఊళ్లో, లేదా గంట ప్రయాణంలో, ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో చూడండి. ఇది ఎవరూ చూడరు. ట్యాబ్ స్క్రీన్ పగిలితే మన వీధిలో ఫోన్ రిపేర్ కుర్రాడి దగ్గర స్పేర్ దొరకదు, ఫోన్‌లకి దొరికినట్టు వీటికి దొరకవు. సర్వీస్ సెంటర్ లేని కంపెనీది ఎంత మంచిదైనా పిల్లల చేతికి వద్దు.

హైదరాబాద్ దగ్గరవాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే పక్కపక్కనే బోలెడు షాపులు, బేరం కూడా నడుస్తది. మిగతా ఊళ్లవాళ్లు పెద్ద షోరూముకి వెళ్లి చేతిలో పట్టుకుని చూసి, అక్కడే ఆన్‌లైన్ రేటు చూపించి "ఈ రేటుకి ఇస్తారా" అని అడగండి, మొహమాటం వద్దు, చాలాసార్లు దగ్గరకొస్తారు, లేకపోతే గ్లాసూ కవరూ వేసిస్తారు. అయిదారు వందల తేడా అయితే షాపులోనే కొనండి, రేపేదన్నా అయితే వెళ్లి అడగడానికి ఒక మనిషంటూ ఉంటాడు.

షాపులో కొంటే డబ్బా మీ ముందే సీలు తీయించండి, డబ్బా మీద సీరియల్ నంబరూ ట్యాబ్ సెట్టింగ్స్‌లో నంబరూ బిల్లులో నంబరూ మూడూ ఒకటేనా చూడండి. జీఎస్టీ బిల్లు మీ పేరు మీద తీసుకోండి, ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు ఆర్నెల్లకి మాయమైపోతాయి కాబట్టి వెంటనే ఫొటో తీసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. ఆన్‌లైన్లో కొంటే అమ్ముతున్నది ఎవరో పేరు చూడండి, వాపసు తీసుకుంటారా లేక మార్చి మాత్రమే ఇస్తారా, ఎన్ని రోజుల్లో, అది ఆర్డర్ పెట్టకముందే చదవండి. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే పెట్టుకోండి, తెరిచి చూశాకే ఓటీపీ చెప్పండి. లేకపోతే డబ్బా తెరిచేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తియ్యండి. ఎవరూ పట్టించుకోకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

పాతది కొనేవాళ్లకి

తప్పేం లేదు, మంచి కంపెనీ పాతది కొత్త నాసిరకం దానికంటే మేలే. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల కొనేటప్పుడు ఇవి చూడండి. ట్యాబ్‌ని మీ ముందే పూర్తిగా రీసెట్ చేయించండి, మళ్లీ ఆన్ అయ్యాక పాత వాళ్ల గూగుల్ అకౌంటో యాపిల్ అకౌంటో అడిగితే తీసుకోవద్దు. "ఈ డివైస్ మీ సంస్థకి చెందినది" అన్నట్టు మెసేజ్ వస్తే అది ఏదో స్కూల్‌దో కోచింగ్ కంపెనీదో లాక్ చేసిన ట్యాబ్, దాన్ని ముట్టుకోవద్దు, ఎవరో పిల్లలకిచ్చింది కూడా అయ్యుండొచ్చు. సిమ్ ఉన్న మోడల్ అయితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఒక్క ట్యాబ్‌కే ఉండే గుర్తింపు నంబరు, చూసి, కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ ఇచ్చి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పెట్టండి, దొంగదో కాదో తెలుస్తది. ట్యాబ్‌ని బల్ల మీద పెట్టి అటూ ఇటూ ఊగుతుందా చూడండి, ఊగితే లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి, అలాంటిది పిల్లల దగ్గర పెట్టడం ప్రమాదం.

అయిదో పని: మొదటి సాయంత్రం

డబ్బా వచ్చిన రోజే పిల్లల చేతికి ఇచ్చెయ్యాలని మనకీ ఉంటది. ఒక్క పూట ఆగండి, కానీ వాళ్లని పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యండి, వాళ్లకి తెలియకుండా తాళాలు వేస్తే నమ్మకం పోతది. ముందు అప్‌డేట్‌లన్నీ అవ్వనివ్వండి. పిల్లల పేరుతో, అసలు పుట్టినతేదీతో గూగుల్ అకౌంట్ తెరిచి మీ ఫోన్లో ఫ్యామిలీ లింక్ యాప్‌తో కలపండి, రాత్రి తొమ్మిదికి దానంతటదే ఆగేలా, కొత్త యాప్ ఏది వేయాలన్నా మీ అనుమతి అడిగేలా పెట్టండి. ఐప్యాడ్‌లో అయితే స్క్రీన్ టైమ్ అని సెట్టింగ్స్‌లోనే ఉంటది. ప్లే స్టోర్లో డబ్బులు పోకుండా పాస్‌వర్డ్ పెట్టండి, మీ యూపీఐ యాప్‌లు, బ్యాంక్ యాప్‌లు దాంట్లో వెయ్యొద్దు.

తర్వాత దీక్ష, స్కూల్ యాప్, తెలంగాణ వాళ్లకి అక్కడి ప్రభుత్వం పాఠాల యాప్ టీశాట్ వేసుకోండి. అన్ని పుస్తకాల పీడీఎఫ్‌లు దించి ఒక ఫోల్డర్‌లో పెట్టండి, నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. టైప్ చేసే గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టండి, పిల్లలు తెలుగు వ్యాసం కూడా దాంట్లో రాసుకోగలగాలి. ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ ఉంది, తెలుగు కథ పైకి చదువుతుంటే వింటది, తప్పు చదివితే సరిచేస్తది, మా మేనల్లుడి చెల్లెలికి బాగా నచ్చింది. స్క్రీన్ వెలుగుని పసుపుగా మార్చే నైట్ లైట్ సాయంత్రం ఏడు నుంచి ఆన్ అయ్యేలా పెట్టండి, ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్లు కిటికీలోంచి దూరంగా చూడమని చెప్పండి.

ట్యాబ్ ఎక్కడుండాలో కూడా ఆరోజే తేల్చుకోండి. మా ఇంట్లో హాల్లో టీవీ పక్కన సొరుగు దాని చోటు, ఛార్జింగ్ కూడా అక్కడే, పడకగదిలోకి రాదు. ఈ నియమం పిల్లలకి పెట్టినప్పుడు మా ఫోన్లు కూడా తొమ్మిదింటికి అదే సొరుగులో పెట్టాల్సి వచ్చింది, పాప అడిగింది, న్యాయమే కదా.

ఆఖరి పని: గడువు లోపు పరీక్ష

వాపసు గడువు వారమో పది రోజులో ఉంటది, క్యాలెండర్లో ఆ తేదీ రాసుకోండి. ఈలోపు తెల్ల స్క్రీన్, నల్ల స్క్రీన్ పెట్టి చుక్కలేమన్నా ఉన్నాయా చూడండి, స్పీకర్లు రెండూ పలుకుతున్నాయా, వీడియో కాల్లో మైకు వినిపిస్తోందా, వంద శాతం ఛార్జింగ్ పెట్టి ఒక సాయంత్రం మొత్తం వాడితే ఎంత మిగిలింది, రాత్రంతా వదిలేస్తే పొద్దునకి ఎంత తగ్గింది, వైఫై పక్క గదిలోకి అందుతోందా, అన్నీ చూడండి. స్కూల్ యాప్‌లో ఒక టెస్ట్ మొదటి నుంచి చివరిదాకా రాయించండి. ప్రతి రెండు రోజులకోసారి పిల్లల్ని "ఏదన్నా ఆగిపోతోందా, ఏదన్నా తెరుచుకోట్లేదా" అని మీరే అడగండి, మా పాపలాగా చెప్పకుండా ఊరుకునే పిల్లలు చాలామంది ఉంటారు. ఏ చిన్న తేడా ఉన్నా గడువు రోజు దాకా ఆగకుండా ఆరోజే బిల్లు తీసుకుని షాపుకి వెళ్లండి, ఆన్‌లైన్ అయితే ఆరోజే రిక్వెస్ట్ పెట్టండి, డబ్బా, లోపలి అట్టలు, ఛార్జర్ అన్నీ అప్పటిదాకా పారేయకుండా ఉంచండి.